గురువారం మూడో పీరియడు

అక్కయ్యగారు పోయారని మొన్న ఆదివారం పొద్దున వాళ్ల పెద్దమ్మాయి ఫోను చేసి చెప్పింది. తెనాలిలో, సొంత ఇంట్లో, తొంభై దాటిన వయసులో. "నాలుగు రోజుల నుంచి ఏమీ తినలేదు పిన్నిగారూ. బాధ మటుకు పడలేదు," అంది. బెజవాడ నుంచి తెనాలి ఎంతో దూరం కాదు. కానీ నా మోకాళ్లకు ఇప్పుడు ఇంటి మెట్లే దూరం. వెళ్లి ఆఖరుసారి చూడలేకపోయాను. ఆవిడ గురించి నాకొక్కదానికే తెలిసిన సంగతి ఒకటుంది. అది నాతోనే పోకూడదని ఇది రాస్తున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. అరవైల చివర్లో నేను రేపల్లెలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేరాను. అప్పటికి ఆవిడ అక్కడ సైన్సు టీచరు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. టీచర్లందరం అక్కయ్యగారనే పిలిచేవాళ్లం. నేను తెనాలిలో మా అన్నయ్య ఇంట్లో ఉండేదాన్ని. ఆవిడ ఇల్లూ తెనాలే. రోజూ ఇద్దరం పొద్దున రేపల్లె పాసింజరెక్కి, సాయంత్రం అదే రైల్లో తిరిగొచ్చేవాళ్లం.

రైలెక్కేవాళ్లలో ఎప్పుడూ ఆవిడే ఆఖరు. గార్డు పచ్చజెండా తీసే వేళకు, తడి జుట్టు ముడేసుకుంటూ, భుజానికి సంచీతో ప్లాట్‌ఫారం మీద పరుగులాంటి నడకతో కనిపించేవారు. ఎక్కి కూర్చున్నాక కూడా చేతులు ఊరికే ఉండేవి కావు. పొద్దున పేపర్లు దిద్దేవారు, పిల్లల చొక్కాలకు బొత్తాలు కుట్టేవారు. సాయంత్రం రేపల్లె బజార్లో కొన్న చిక్కుడుకాయలు ఒళ్లో పోసుకుని ఈనెలు తీసి, తుంచి, టిఫిన్ గిన్నెలో వేసుకునేవారు. "ఇంటికెళ్లగానే పొయ్యి మీద పడెయ్యడమే. పావుగంట కలిసొస్తుందమ్మా," అనేవారు. ఆవిడ బతుకంతా ఆ పావుగంటల మీదే నడిచేది.

ఇంట్లో అత్తగారికి పక్షవాతం. పెద్దపిల్లకు ఎనిమిదేళ్లు. పిల్లవాడికి నాలుగు, వాడికి ఉబ్బసం. భర్త రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తా, షిఫ్టుల డ్యూటీ. ఆయన మంచివాడే. కాకపోతే ఆ కాలపు మంచివాడు. తల్లి పక్కబట్టలు తను మార్చవచ్చునని ఆయనకు తోచేది కాదు. ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి రంపపు పొట్టు కూరిన పొయ్యి వెలిగించి, అత్తగారిని శుభ్రం చేసి, వంట ముగించి, పిల్లల్ని తయారు చేసి బయల్దేరేవారు. ఆదివారం వారానికి సరిపడా చీరలు ఉతికి గంజి పెట్టాలి, చర్చికి వెళ్లాలి, అక్కడ చిన్నపిల్లలకు పాఠం చెప్పాలి. అది ఆవిడకు సెలవు రోజు.

ఇంత చాలదన్నట్టు బుధవారం, శనివారం బడి వదిలాక రేపల్లె శివార్లలో చేపలు పట్టేవాళ్ల పేటకు వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పేవారు. ఎవరూ చెయ్యమనలేదు. గంటసేపు చెప్పి, నడుచుకుంటూ స్టేషనుకు వచ్చి రైలందుకునేవారు.

ఒకసారి నాకు విసుగొచ్చి, "మీకెందుకండి ఇదంతా, రైలొచ్చేదాకా ఆ గంటా స్టేషన్లో నడుం వాల్చకూడదా," అన్నాను. అప్పుడు చెప్పారు. అంతకు ముందు సంవత్సరం, చేపలమ్మే ఒకావిడ రైల్లో పక్కన కూర్చుని, రొంటిన దోపుకున్న కార్డుముక్క తీసి, "టీచరమ్మా, ఇందులో ఏం రాశారో కాస్త చదివిపెట్టండి," అని అడిగిందట. చదివితే, ఆమె తల్లి పోయిందని నిజాంపట్నం నుంచి ఎవరో రాసిన కబురు. కార్డు వచ్చి నాలుగు రోజులైంది.

"నాలుగు రోజులమ్మా," అన్నారు అక్కయ్యగారు. "తల్లి చచ్చిపోయిన కబురు రొంటిన పెట్టుకుని, బేరాలాడుకుంటా, నవ్వుకుంటా తిరిగింది. నేను చదివి వినిపించాక నా మొహం చూసింది చూడు, నేనే చంపినట్టుగా."

మళ్లీ అన్నారు. "ఇంట్లో నేను చేసింది సాయంత్రానికి మాసిపోద్ది. బళ్లో చెప్పింది పరీక్షవగానే పిల్లలు మర్చిపోతారు. అక్కడ మొన్న ఒకావిడ తన పేరు తను రాసుకుంది. అది పోదుగా."

ఆవిడ దేవత కాదు. అలా రాస్తే ఆవిడే నవ్వుతారు. అలసటలో నోరు కరుకయ్యేది. రెండుసార్లు చెప్పినా అర్థంకాని పిల్ల మీద విసురుకునేవారు, తరవాత రైల్లో ఆ పిల్ల పేరు చెప్పి బాధపడేవారు. పెద్దకూతురు ఒక పొద్దున వాళ్లింటి దగ్గర నాతో, "మా అమ్మ అందరికీ చదువు చెప్పుద్ది, నా ఎక్కాల పుస్తకం మటుకు చూడదు," అంది. ఆ మాట అక్కయ్యగారూ విన్నారు. పిల్ల జడ ముడి బిగించి రైలుకు వచ్చేశారు.

ఇక ఆ వారం సంగతి. ఆదివారం అత్తగారు మంచం మీంచి పడిపోయారు. ఎముక విరగలేదుగానీ ఒంటరిగా వదలడానికి లేకుండా పోయింది. సోమవారం పిల్లవాడికి ఆయాసం మొదలైంది. భర్తకు షిఫ్టు మారింది, సెలవు దొరకలేదు. ఆవిడ సెలవులన్నీ అంతకుముందే ఆ పిల్లవాడి ఉబ్బసానికి అయిపోయాయి. దాంతో పెద్దపిల్లను బడి మానిపించి నాయనమ్మ దగ్గర, తమ్ముడి దగ్గర కూర్చోబెట్టి వచ్చారు.

మంగళవారం రైల్లో ఒళ్లో పేపర్ల కట్ట అలాగే పెట్టుకుని, దిద్దకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. భట్టిప్రోలు దాటాక అన్నారు. "నా కూతురు బడి మానేసింది. ఎందుకూ? నేను ఊళ్లో పిల్లలకి పాఠం చెప్పడానికి."

బుధవారం పేటకు వెళ్లొద్దని బతిమాలాను. "పదిమందీ పని మానుకుని కూర్చుంటారమ్మా. రావటంలేదని కబురెట్టడానికి కూడా మనిషి లేడు," అని వెళ్లారు. ఆ రోజు రైలు బాగా ఆలస్యమైంది. స్టేషన్లో నిలబడి, కళ్లు మూసుకుని, స్తంభానికి ఆనుకున్నారు. రైలొచ్చినప్పుడు నేను భుజం తడితే ఉలిక్కిపడి, "పిల్లాడికెలా ఉంది?" అని నన్నడిగారు.

మర్నాడు గురువారం. మూడో పీరియడు. నా తరగతికీ ఆవిడ తరగతికీ మధ్య తడిక అడ్డం. ఊపిరితిత్తుల పాఠం నోట్సు చెబుతున్న ఆవిడ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. ఒక వాక్యం సగంలో ఆగిపోయింది. బోర్డు మీద బొమ్మ వేస్తున్నారేమో అనుకున్నాను. ఎంతసేపటికీ చప్పుడు లేకపోయేసరికి వెళ్లి చూశాను.

అక్కయ్యగారు కుర్చీలో కూర్చుని, హాజరు పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోతున్నారు. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. నలభైమంది ఆడపిల్లలు నోట్సులు తెరుచుకుని, ఏంచెయ్యాలో తెలియక ఆవిడనే చూస్తున్నారు. లీడరు పిల్ల లేచి, "లేపమంటారా టీచర్?" అని గుసగుసగా అడిగింది.

"వద్దు," అన్నాను. "గంట కొట్టేదాకా ఎవ్వరూ కదలొద్దు. పుస్తకం చదువుకోండి."

ఆ పిల్లలు ఆ మాటను ఎంత భక్తిగా పాటించారో ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. దగ్గున్న పిల్ల ఒకతి ఓణీ చెంగు నోట్లో కుక్కుకుంది. నేను నా గదికి వచ్చి, మా పిల్లలకు కూడా నోరెత్తకుండా చేసుకునే లెక్కలిచ్చాను. ఒక మంచిపని చేశానన్న సంతోషం నాకు.

అరగంట గడిచిందో లేదో, వరండాలో బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టరుగారు, చెప్పా పెట్టకుండా వచ్చారు. పక్కన హెడ్మిస్ట్రెస్‌గారు. మొదట నా తరగతి గుమ్మం ముందునుంచే నడిచారు. ఆయన నా బోర్డు వంక చూస్తూ ఒక్క నిమిషం నిలబడ్డారు కూడా. తడిక మీద ఒక్క దెబ్బ వేస్తే చాలు, ఆవిడ లేచేవారు. నాలుగు వేళ్ల పని. నేను సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అప్పటికి నాది టెంపరరీ పోస్టు. పర్మనెంటు చెయ్యడం ఆయన రాసే రిపోర్టును బట్టే ఉంటుందని అందరూ అనుకునేవారు.

ఆయన పక్క గది గుమ్మంలో కనిపించగానే పిల్లలంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఆ బల్లల చప్పుడుకు అక్కయ్యగారికి మెలకువ వచ్చింది. నేను వరండాలోకి వచ్చి, వాళ్ల వెనక నుంచి చూస్తున్నాను. చెంప మీద పుస్తకం అంచు గీత పడింది.

"ఏంటమ్మా ఇది?" అన్నారాయన. కేకలు వెయ్యలేదు.

"నిద్రపోయానండి," అన్నారావిడ.

సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. హెడ్మిస్ట్రెస్‌గారు దయగల మనిషి. ఆవిడను గదిలోకి పిలిచి, "జ్వరంగా ఉందని రాయండి, మిగతాది నేను చూసుకుంటాను," అన్నారు. నేనూ అక్కడే ఉన్నాను.

"జ్వరమంటే డాక్టరు సర్టిఫికెట్టు పెట్టాలి కదండి," అన్నారు అక్కయ్యగారు. "దానికి మళ్లీ ఒక పూట తిరగాలి. నాకా ఓపిక లేదండి." అక్కడే నిలబడి, నిద్రపోయిన మాట నిజమేనని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి, నాలుగో పీరియడుకు వెళ్లిపోయారు.

లేపొద్దని చెప్పింది నేనేనని అప్పుడైనా చెప్పవలసింది. నోరు రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. అలా రోజులు గడిచాయి.

వేసవి సెలవులయ్యాక ఆవిడకు బాపట్ల బదిలీ ఆర్డరు వచ్చింది. శిక్ష అని ఎక్కడా రాయలేదు. మరీ పొద్దున్నే బయల్దేరే రైలు, ఇల్లు చేరేసరికి దీపాల వేళ. వెళ్లేముందు ఆవిడ నన్నడిగింది ఒక్కటే. "బుధవారం పూట పేటకి నువ్వెళ్తావా అమ్మాయ్?" వెళ్తానన్నాను. ఎనిమిది నెలలు వెళ్లాను. తరవాత నాకు పెళ్లయి, బెజవాడకు మారిపోయాను. పేటలో చదువు ఆగిపోయింది. ఈ మాట రాయడం నాకు సుఖంగా లేదు.

ఆ తరవాత అయిదారేళ్లకు, వేటపాలెంలో బంధువుల పెళ్లికి వెళ్లి ఒక్కదాన్నే తిరిగొస్తున్నాను. సాయంత్రం బాపట్లలో రైలాగింది. ఆడవాళ్ల పెట్టెలో ఎక్కినవాళ్లలో అక్కయ్యగారున్నారు. జుట్టు సగం నెరిసింది. చీర కుచ్చెళ్లకు ఇసక. సముద్రం వైపు ఒక పల్లెలో శనివారాలు చదువు చెబుతున్నారట. నన్ను చూసి ముందు సంచీ కింద పెట్టి, తరవాత నవ్వారు. అత్తగారు పోయారని, పిల్లవాడి ఉబ్బసం తగ్గిందని, పెద్దపిల్ల చదువులో వెనకబడితే తనే కూర్చుని ఒక ఏడాదంతా చెప్పి పైకి లాక్కొచ్చానని చెప్పారు. నేనూ నా బెజవాడ ఉద్యోగం గురించి, ఇద్దరు పిల్లల గురించి చెప్పాను. నిడుబ్రోలు దాటింది. ఇక ఆగలేకపోయాను.

"అక్కయ్యగారూ, ఆ రోజు మిమ్మల్ని లేపొద్దని పిల్లలకి చెప్పింది నేనేనండి."

"తెలుసమ్మా," అన్నారు. "ఆ లీడరు పిల్ల సాయంత్రమే చెప్పింది."

"మరి నన్నేమీ అడగలేదేంటండి?"

"అడిగితే నువ్వెళ్లి హెడ్మిస్ట్రెస్‌గారికి చెప్పేదానివి. నా మీదికొచ్చింది నీ మీదికీ వచ్చేది."

"నేను చెప్పేదాన్ని కాదండి," అన్నాను. "నాకంత ధైర్యం లేదు."

ఆవిడ నా వంక చూశారు. కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. "అయితే మంచిదేగా, అడగకపోవటమే," అన్నారు. తరవాత, "అరగంట పడుకున్నానమ్మా. ఆ ఏడాది మొత్తానికీ ఒళ్లు తెలియకుండా పడుకుంది ఆ అరగంటే. బదిలీ కాగితం చూసినప్పుడు కూడా అదే అనుకున్నాను, పోనీలే, పడుకున్నాను కదా అని," అన్నారు.

నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ చూడనట్టే ఊరుకుని, కొంత దూరం పోయాక అడిగారు. "నీకెలా ఉందమ్మా, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు?"

"అలిసిపోతున్నానండి," అన్నాను. అంతవరకు ఆ మాట నేనెవరితోనూ అనలేదు.

"ఆఁ," అన్నారు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నారు. తెనాలి వచ్చేదాకా వదల్లేదు.

స్టేషన్లో దిగి, "పిల్లలు జాగ్రత్త," అని కిటికీలోంచి నా వేళ్లు నొక్కి, గేటు వైపు నడిచారు. ఇంటి దగ్గర ఇంకా వంట ఉంటుంది, పిల్లలుంటారు, రేపటికి గంజి పెట్టాల్సిన చీరలుంటాయి. గేటు దాకా వెళ్లినావిడ ఆగి, వెనక్కి వచ్చి, ఖాళీగా ఉన్న ఒక బల్ల మీద కూర్చున్నారు. సంచీ పక్కన పెట్టారు. చెప్పులు విడిచి, పాదాలు రెండూ చల్లటి నేల మీద ఆనించారు. దిగిన జనమంతా ఆవిడ ముందునుంచే వెళ్లిపోతున్నారు. ఆవిడ ఎవరినీ చూడటం లేదు, ఎవరికోసమూ ఎదురు చూడటం లేదు. నా రైలు కదిలింది. వంపు తిరిగి కనుమరుగయ్యేదాకా తల బయటపెట్టి చూశాను. ఆవిడ ఇంకా అలాగే కూర్చుని ఉన్నారు.