గులాబీ గీత ఎవరిది

రాయ్‌పూర్‌కి దగ్గర్లో, కోహ్కాలోని మా ఇంటికి ఈ వారం కొత్త టైల్స్ వేస్తున్నారు. తడి సిమెంటు వాసన, రబ్బరు సుత్తి చప్పుడు నేను రాసుకునే గదిదాకా వస్తుంటే సత్యవతక్క గుర్తొస్తోంది. ఆమె ఎన్నడూ తాపీ పట్టలేదు. నేను పనిచేసిన దినపత్రికలో కంప్యూటర్ విభాగానికి పెద్ద. తాపీపని ఆమె నాన్నది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటు ఫర్నేసుల లోపల ఇటుకలు పేర్చేవాడు. రెండు ఇటుకల మధ్య కాగితం దూరినా ఆ వరస విప్పించి మళ్లీ కట్టించేవాడని అక్క గర్వంగా చెప్పేది.

పత్రిక దగ్గర ఫర్నేసు పనివాళ్లంతా బారులు తీరి నిలబడ్డ పెద్ద ఫొటో ఒకటుండేది. మా స్కానర్‌లో పట్టక ముక్కలుగా ఎక్కించాం. తెర మీద గళ్ల పట్టిక వేసి, గడికో ముక్క పెట్టి మొత్తం ఫొటో చూపించే ప్రోగ్రాం రాయడం నా పని. రాశాను. ముక్కల మధ్య తెల్లటి గీతలు వచ్చాయి. ఒకాయన ముఖం నిలువునా చీలింది. పట్టిక గీతల్ని కనపడకుండా చేసినా ఖాళీ అలాగే ఉంది. మర్నాడు ఆ ఫొటోలోని పెద్దలు ఆఫీసుకు వస్తున్నారు. అప్పటికి కుదరకపోతే పాత ఫొటోల పనంతా రాయ్‌పూర్ కంపెనీకి ఇచ్చేస్తానన్నారు ఎడిటర్. అది పోతే మా విభాగం ఉండదు.

ఉపాయమూ ఆయనే చెప్పారు. ముక్కల్ని కాస్త సాగదీసి ఒకదాని మీదికి ఒకటి ఎక్కించమన్నారు. “థోడా ఖీంచ్ దో, కౌన్ దేఖేగా?” కొంచెం లాగితే ఎవరు చూస్తారని ఆయన ధీమా. అలాగే చేశాను. గీతలు పోయాయి. అక్క వచ్చి తెర మీదికి వంగింది.

“ఈయన రెండో కన్నేదిరా?”

“పక్క ముక్క కిందికి కొంచెం పోయిందక్కా.”

“కన్ను పోతే కొంచెమేటి? రేపు ఆ కన్నుతోనే వత్తాడు. సూసుకోడా?”

బొమ్మను సాగదీసేది లేదని ఎడిటర్‌కి హిందీలో చెప్పేసింది. ఆయన గడియారం చూసుకుని వెళ్లిపోయారు. అక్క నా వైపు తిరిగింది.

“ఖాళీలన్నీ ఒకటే అనుకోకు. ఎవుడి ఖాళీయో ముందు కనుక్కో. ఆ తరవాత మూద్దాం.”

ముక్కల్ని వాటి సొంత కొలతకు తెప్పించి, పట్టికకు గులాబీ రంగు, గళ్లకు ఆకుపచ్చ వేయించింది. తెల్లగా ఒక్కలాగే కనిపించినవి విడివిడిగా బయటపడ్డాయి. గళ్ల మధ్య గులాబీ గీత. అది పట్టిక తనంతట తాను వదిలే ఎడం, సున్నా చేశాం. ముక్కల చుట్టూ ఆకుపచ్చ. అది గడి లోపలి అంచు, అదీ సున్నా. అయినా ప్రతి వరస కిందా సన్నటి ఆకుపచ్చ పోగు మిగిలింది. “వరస పొడుగు, ఇటుక పొట్టి,” అంది అక్క. వరస ఎత్తును ముక్క ఎత్తుకు సరిచేయగానే ఫొటో మూసుకుంది. పనివాళ్లందరూ భుజం భుజం ఆనించి నిలబడ్డారు. అక్క అందరికీ సమోసాలు తెప్పించింది, ఎడిటర్ పేరు చెప్పి.

మర్నాడు, మొదట ముఖం చీలిపోయినాయన, అప్పలస్వామిగారు, తెర మీద తన్ను తాను చూసుకున్నారు. అక్కడ వేలు ఆనించి, పక్కవాడి మీదికి, ఆ పక్కవాడి మీదికి జరుపుతూ పేర్లు చెప్పుకుంటూ పోయారు. వేలు ఎక్కడా ఆగలేదు. ఎడిటర్ నిలబడే విన్నారు. ఇక పాత ఫొటోలన్నీ సత్యవతి దీదీకే పంపమన్నారు. అక్క నన్ను చూసి కనుబొమ ఎగరేసింది.

తరవాత నేను రిపోర్టింగ్‌లోకి మారాను. ఇద్దరు చెప్పింది అతకనప్పుడు నా వాక్యాన్ని సాగదీసి మధ్య ఖాళీని కప్పలేదు. అది ఎవరిదో వెతుక్కుంటూ వెళ్లాను.

ఇందాక మూల టైల్ దగ్గర ఎడం వస్తే మేస్త్రీ తెల్ల సిమెంటు కూరబోయాడు. ఆగు భయ్యా, ముందు ఎత్తి చూడమన్నాను. విసుక్కుంటూనే ఎత్తాడు. కింద చిన్న రాయి. తీసి పారేశాక టైల్ తనంతట తానే పక్కదాన్ని ఆనుకుంది.