పెద్దమ్మ నీళ్లలో దిగిన రోజు

ఆమె వీపు మీది సంచి తలకన్నా జానెడు ఎత్తు. యాభై దాటాక కొలువు మానేసి లోకం చూడ్డానికి బయల్దేరిన ఈ బడిపంతులమ్మని తెరచాప పడవలోని కుర్రకారంతా అప్పుడే పెద్దమ్మని చేసేసుకున్నారు. పడవ కదలకముందే ఆమె అందరి టోపీ తాళ్లూ బిగించింది. పడవ నడిపే సరంగుని కూడా "ఎండలో అలా నిలబడకు నాయనా" అని మందలించింది. నోటికి విశ్రాంతి లేదు. చెయ్యి మాత్రం పడవ అంచుని వదల్లేదు.

దీవుల మధ్య, అడుగున ఇసుక కనిపించేంత తేటనీళ్లలో సరంగు లంగరు వేసి, అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించాడు. కుర్రకారు బిలబిలమంటూ దూకేసింది. ఓ కొత్త పెళ్లికూతురు మాత్రం నిచ్చెన దగ్గరే బిక్కమొహం వేసుకుని నిలబడింది. కింద నుంచి మొగుడు పిలిచినకొద్దీ ఆ పిల్లకి ఏడుపు తన్నుకొస్తోంది.

"నాకు ఈత రాదని మీరైనా చెప్పండి పెద్దమ్మా!"

పెద్దమ్మ గొంతు తగ్గించింది. "ఏం చెప్పనే తల్లీ, నాకూ రాదు."

"మరెందుకొచ్చారు?"

"చూసిపోదామనే వచ్చాను. వాళ్లని చూస్తుంటే కడుపు మండిపోతోంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. "పద, భయమేస్తే కలిసి అరుద్దాం" అంటూ పెద్దమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. కాళ్ల కింద ఆఖరి మెట్టు జారగానే ఇద్దరూ పెట్టిన కేకకి తెరచాప కొయ్య మీది పక్షులు లేచిపోయాయి. జాకెట్లు వాళ్లని బెండుల్లా తేల్చాయి.

మిగతా దీవులకి వెళ్దామని సరంగు పిలవగానే పెళ్లికూతురు బుద్ధిగా పడవెక్కింది. పెద్దమ్మ వెల్లకిలా తేలుతూ, కళ్లు కూడా తెరవకుండా అంది:

"నీకేం తొందర నాయనా? ఆ దీవులు ఎక్కడికీ పోవులే!"