ఆమేన్‌కు అడ్డొచ్చిన దగ్గు

ఐజ్వాల్ కొండ మీద మా పేటలో పాదిరి పు జోఖూమ అయ్యగారు ఎవరైనా అడిగితే లేదనే వస్తువు లేదు, ఒక్క ‘ఆమేన్’ తప్ప. (పేరు ముందు మగవారికి పు, ఆడవారికి పి అనడం మా మర్యాద.) గొడుగు అడిగితే ఇచ్చేవారు. గుడ్లు పెట్టే కోడిని అడిగినా, గంపతో సహా ఇచ్చేవారు. ఆమేన్ మాత్రం, ప్రార్థనలో సిద్ధాంతం ఎక్కడా వంకర పోలేదని రూఢి అయితేనే. వంకర కనిపించిందా, మూసిన కళ్లు మూసుకునే “ఖళ్!” మని దగ్గేవారు. ఆ దగ్గు వినపడగానే ప్రార్థించేవాడి గుండె జారి కింది లోయలో పడేది.

కొత్తగా పెళ్లయిన కుర్రాడొకడు ఓసారి, “ప్రభువా, ఈ పూట మా మధ్యకు దిగి రా” అన్నాడు.

“ఖళ్! రావడానికి ఆయన ఎప్పుడు వెళ్లాడోయ్?”

కుర్రాడు ఒక కన్ను తెరిచాడు. “ఎక్కడికీ వెళ్లలేదండి.”

“మరి ఉన్నందుకు స్తోత్రం చెప్పు. ఊఁ, తర్వాత?”

తర్వాతేముంది, కుర్రాడికి పక్కనున్న పెళ్లాం పేరు కూడా గుర్తు రాలేదు.

ఇంకోసారి ఒక ముసలమ్మ, “అదృష్టం బాగుండి కొండచరియ మా ఇంటి పక్కనుంచి పోయింది తండ్రీ” అంటే, “ఖళ్! అదృష్టమా? ఎవరమ్మా ఆవిడ, ఏ పేట?” అన్నారు.

వయసులో ఉన్నప్పుడు అయ్యగారు అరుణాచల్ కొండల్లో సువార్త పనికి వెళ్లి, అక్కడే జుట్టు నెరిపించుకున్నారు. అక్కడ ఒక కొత్త విశ్వాసి, పంది దొరికినందుకు స్తోత్రం చెబుతూ, “నన్ను మరిచిపోయావేమో అనుకున్నాను ప్రభువా” అన్నాడట. దేవుడికి మరుపు ఎందుకుండదో అయ్యగారు విడమరిచి చెప్పి ముగించేసరికి, పంది కట్టు తెంపుకుని అడవిలో పడింది. “ఆయన నన్ను మరవలేదు, మీరే నా పందిని మరిచారు” అన్నాడట పాపం ఆ మనిషి.

తిరిగొచ్చాక సెమినరీలో ఆచార్యులయ్యారు. ఆయన తరగతిలో పిల్లల ప్రార్థనలు కరువునాటి పశువుల్లా చిక్కిపోయాయి. ఇంట్లో భార్య పి కిమీ భోజనం ముందు, “తండ్రీ, అన్నం. ఆమేన్” అనేది.

“కిమీ, వాక్యంలో క్రియ ఏదీ?”

“గరిటెలో ఉంది. తినండి.”

ఈ దగ్గువల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది మాత్రం, వాళ్ల కింది వరస ఇంట్లో ఉండే పి రోఛామి. పేటలో ఏ ఇంట్లో ఏం జరిగిందో తెలియకపోతే ఆవిడకు అన్నం దిగదు. మా సంఘంలో చాడీ చెప్పడం పాపం. అదే కళ్లు మూసుకుని చెబితే భారం. ఈ విద్యలో సంఘ పెద్ద హ్రాంగకు సాటి లేరు. “తండ్రీ, ఫలానా ఇంటి కోడలి కోసం భారంతో వేడుకుంటున్నాను, ఆవిడ మొన్న సంతలో...” అని అందుకోగానే రోఛామి చెవులు రిక్కించేది. సరిగ్గా అక్కడే “ఖళ్!” కోడలూ పోయేది, సంతా పోయేది, సిద్ధాంతం మిగిలేది.

“ఆ దగ్గుకి మందు లేదా కిమీ?” అని రోఛామి వాపోయేది.

ఇలా ఉండగా, ప్రార్థన కూటం వంతు రోఛామి ఇంటికి వచ్చింది. వారం కిందట ఆవిడ కొడుకు రిన్‌సాంగ సంచిలో సారా సీసాతో యువజన సంఘం వాళ్లకు దొరికిపోయాడు. వాళ్లు బుద్ధి చెప్పి వదిలేశారు. వాడు సిగ్గుతో చచ్చిపోయి, మళ్లీ దాని జోలికి పోనని ఒట్టేశాడు. ఆ విషయం తనకూ, పట్టుకున్నవాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదని తల్లి నమ్మకం. పట్టుకున్నవాళ్లలో హ్రాంగ మేనల్లుడున్నాడు. కూటం మర్నాడే వాడికి పిల్లను అడగడానికి మధ్యవర్తులు పు కప్‌థాంగ ఇంటికి వెళ్లాలి. ఆ కప్‌థాంగ కూటానికి వచ్చి ముందు వరసలోనే కూర్చున్నాడు.

పాట అయింది. హ్రాంగ లేచి గొంతు సవరించుకున్నాడు.

“తండ్రీ, ఈ ఇంటి కుమారుడి కోసం నాకు పెద్ద భారం. మొన్న శనివారం వాడు...”

“ఖళ్!”

హ్రాంగ ఆగాడు. “ఇందులో తప్పేముంది అయ్యగారూ?”

“మొన్న అన్నావు. దేవుడికి నిన్నా మొన్నా ఉంటాయా? ఆయనకన్నీ ఇప్పుడే.”

“సరే. తండ్రీ, నీకు ఇప్పుడే అయిన ఆ శనివారం నాడు, వాడి సంచిలో...”

“ఖళ్! ఖళ్! మళ్లీ శనివారమేనా? నిత్యత్వాన్ని పంచాంగంలో కుక్కుతావా హ్రాంగా?” అంటూ అయ్యగారు నిలబడ్డారు. ఇక కాలం అంటే ఏమిటి, అకాలం అంటే ఏమిటి అని మొదలుపెట్టారు. పొయ్యి మీద పంది మాంసం చల్లారింది. పిల్లలు నిద్రపోయారు. హ్రాంగ తన సంగతి తానే మరిచిపోయి ఆవలించాడు. అప్పుడు అయ్యగారు ఎవరినీ అడగకుండా తనే “ఆమేన్” అనేసి, “రోఛామీ, కూర వేడి చెయ్యి” అన్నారు.

తెల్లారగానే రోఛామి గంపలో సీమవంకాయలు వేసుకుని పై ఇంటికి ఎక్కింది. బతికిపోయిన సంతోషం ఒకవైపు, తొలిచే అనుమానం మరోవైపు.

“అయ్యగారూ, పోయిన నెల కప్‌థాంగ ఇంట్లో ఏమన్నారు మీరు? నిన్నటి మేలుకు నిన్నటిదని చెప్పి మరీ స్తోత్రం చెల్లించాలి, మూటగట్టి చెప్పకూడదన్నారు. రాత్రేమో దేవుడికి నిన్నే లేదన్నారు. ఏది సిద్ధాంతం?”

అయ్యగారు బూటు తుడుస్తూ తల ఎత్తలేదు. “రెండూనూ.”

“పోనీ ఆ సంతకెళ్లిన కోడలప్పుడు? ఆ అప్పులవాడి కోసం హ్రాంగ భారపడ్డప్పుడు? మీ దగ్గు సరిగ్గా అక్కడే ఎందుకొస్తుంది?”

“చలికాలం కదమ్మా.”

“అది శ్రావణం అయ్యగారూ!”

వంటింట్లోంచి పి కిమీ అంది: “మందు తాగమంటే తాగరు రోఛామీ. ఇరవై ఏళ్ల దగ్గు. ఇంట్లో ఒక్కసారైనా దగ్గితే ఒట్టు.”

అయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. బూటు కింద పెట్టి, “చూడమ్మా, పట్టుకున్న కుర్రాళ్లు నాకూ చెప్పారు. వాడి సీసా సంగతి పిల్ల వాళ్లకు చెప్పాల్సిందే. కానీ వాడి నోటితో చెప్పాలి, హ్రాంగ ప్రార్థనతో కాదు. మధ్యవర్తులకంటే ముందే వెళ్లాలి. వాణ్ణి చొక్కా మార్చుకోమను, తోడు నేనొస్తాను” అన్నారు.

కప్‌థాంగ గుమ్మంలో రిన్‌సాంగ తల వంచుకుని అంతా చెప్పాడు. కప్‌థాంగ టీ గ్లాసు కింద పెట్టకుండా విన్నాడు.

“ఏదో ఉందని రాత్రే తెలుసురా. ఈయన మూడు సార్లు దగ్గారంటే చిన్న సంగతి కాదు. ఎవరొచ్చి చెబుతారా అని చూస్తున్నాను. నువ్వే వచ్చావు. కూర్చో, టీ తాగు. మళ్లీ ముట్టావో, ఈసారి నేనే ప్రార్థన చేస్తాను.”

పెళ్లయింది. ఆ వెనకే అయ్యగారు తన పాత కొండలను చూసి రావడానికి వెళ్లారు. హ్రాంగకు పగ్గాలు తెగినట్టయింది. అప్పుడే కూటం వంతు పి మావీ ఇంటికి వచ్చింది. మావీ కూతురు ఉన్నట్టుండి అత్తింటినుంచి తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చిందో పేటలో ఎవరికీ తెలియదు. రోఛామి రెండుసార్లు ఆకుకూరా, ఒకసారి అల్లమూ పట్టుకెళ్లినా కారణం మాత్రం బయటపడలేదు.

హ్రాంగ లేచాడు. “తండ్రీ, ఈ ఇంటి కూతురు తిరిగొచ్చిన కారణం నాకు తెలిసి ఎంతో భారంగా ఉంది. అదేమిటంటే...”

ఆ పిల్ల చున్నీ కొసను పిడికిట్లో నలిపేస్తోంది. రోఛామి చెవులు వాటంతటవే నిక్కాయి. ఒక్క మాట, ఇంకొక్క మాట ఆగితే చాలు.

“ఖళ్!”

అందరూ కళ్లు తెరిచారు. దగ్గు ఆడవాళ్ల వైపునుంచి వచ్చింది.

“ఏమిటి రోఛామక్కా? సిద్ధాంతం తప్పిందా?” అన్నాడు హ్రాంగ.

“తప్పింది.”

“ఏ సిద్ధాంతం?”

“నాకేం తెలుసయ్యా, నేను సెమినరీలో చదివానా? అయ్యగారొచ్చాక అడుగు. ప్రస్తుతానికి అన్నం చల్లారుతోంది. ఆమేన్!”

“ఆమేన్!” అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు అందరూ. అందరికంటే గట్టిగా మావీ కూతురు.

ఇంటికి నడుస్తుంటే పక్కింటావిడ రోఛామి మోచెయ్యి పట్టుకుంది. “ఇంతకీ ఆ కారణం ఏమై ఉంటుందంటావ్?”

రోఛామి నోరు తెరిచింది. ఎంతో కష్టపడి మూసింది.

“ఖళ్!”