గాజు నింపిన చెవి

నా ఎడమ చెవి వెనక ఎముకలో ఒక గుంట ఉండేది. చిన్నప్పటినుంచీ చీము కారే చెవి అది. లోపల చర్మం దారి తప్పి పెరిగి ఎముకను తినేస్తోందని, నా కాలేజీ రోజుల్లో ఆపరేషన్ చేసి తొలిచేశారు. చెవిలోకి తెరుచుకున్న గుంట మిగిలింది. నీళ్లు చేరితే మళ్లీ చీము, చలిగాలి దూరితే కళ్లు తిరగడం. గాలి ఒక వాలున వీచినప్పుడు మాత్రం ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టుండేది.

మా అత్తగారికి అది వింత కాదు. మిట్టమధ్యాహ్నం ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదని ఆవిడ నియమం.

"మనుసులైతే మూడోసారీ పిలుస్తారు. మిగతావోటికి అంత ఓపికుండదే," అనేవారు.

"ఖాళీ సీసా మీద ఊదినా పలుకుతుంది అత్తయ్యా. దానికీ దెయ్యం పట్టిందంటారా?"

"సదువుకున్న సీసావి, నీకెందుకు పడద్దిలే."

చీము తగ్గకపోయేసరికి విశాఖపట్నంలో ఇంకో డాక్టరుకు చూపించుకున్నాను. మిగిలిన జబ్బు తీసేసి, గుంటను గాజు రవ్వతో పూడుస్తానన్నాడు.

"రోడ్డు గోతిలో కంకర పోసినట్టా?" అన్నాను.

"కిటికీ గాజు కాదండీ. ఒంట్లో తడి తగిలితే దానిమీద ఎముక పడుతుంది. పోనుపోను ఏది గాజో ఏది ఎముకో తెలియదు."

"అడుగున జబ్బు రవ్వంత మిగిలితే?"

"ఇన్నాళ్లూ గుంటలోకి చూస్తే కనబడేది. పూడ్చాక కంటికి ఆనదు. ఏడాది పోయాక స్కాన్ తీసి చూడాలి."

బతికున్న జబ్బును పాతిపెట్టి పైన కప్పేస్తారేమోనన్నదే నా భయం. అయినా ఒప్పుకున్నాను.

గాయం మానింది. చెవి ఆరింది. ఫ్యాను కింద కూర్చున్నా కళ్లు తిరగలేదు. పిలుపూ ఆగిపోయింది. సీసా నిండిపోయింది కదా అని అత్తగారి మీద గెలిచినట్టే మాట్లాడాను.

వేసవి వచ్చింది. ఏజెన్సీ కొండలనుంచి దిగిన చింతపండు కొని డాబా మీద ఆరబోశాను. ఎండ నడినెత్తిన ఉంది. ఆకు కదలడం లేదు. ఎడమ పక్కనుంచి నా పేరు వినబడింది. కాస్సేపటికి మళ్లీ.

కిందికి దిగాను. "పిలిచారా?"

"నేను పిలవనేదు," అన్నారు అత్తగారు.

జబ్బు అడుగున కదులుతోందనుకున్నాను. గడువు కాకుండానే వెళ్లి స్కాన్ తీయించుకున్నాను. శుభ్రంగా ఉంది. గాజు చుట్టూ ఎముక పడుతోందట.

"మరి పిలిచేదెవరండీ?"

"చాలాకాలం సరిగ్గా వినని చెవి కదా. లేని శబ్దాన్ని మెదడు కల్పించుకుంటుంది."

మొదటిసారి ఒక డాక్టరుతో వాదించకుండా ఇంటికొచ్చాను. అత్తగారితో అదే చెప్పాను. ఆవిడ స్కాన్ కవరు వైపు చూడలేదు.

"మూడోసారి పిలిసిందేటి?"

"లేదు."

"పిలిస్తే నువ్వు పలక్కు. నేను పలుకుతాను."

నవ్వాను. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇద్దరం వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాం. నా ఎడమ చెవిలో పిలుపు. ఇంకోసారి. అది నా మెదడు కల్పించుకున్నదేనని పిక్క తీస్తూనే ఉన్నాను.

అత్తగారు చేతిలోది కింద పెట్టి, నా ఎడమ భుజం పక్కకు చూశారు.

"ఆఁ, వత్తన్నాను," అన్నారు.

నేను విన్నది రెండే.