మళ్ళీ చెప్పు మామయ్య

మా మేనమామతో మాట్లాడాలంటే ప్రతి మాటా రెండుసార్లు ఖర్చవుతుంది. ఆయన ఏదన్నా చెబితే, విన్నవాళ్ళు ఆ ముక్క తిరిగి ఆయనకి అప్పజెప్పాలి. లేకపోతే తను కదలడు, మనల్ని కదలనివ్వడు.

జబ్బేం కాదు, ఉద్యోగం చేసిన నిర్వాకం. లాంచీలో కెప్టెన్ "ఎడమకి పది" అంటే, చుక్కాని పట్టినవాడు "ఎడమకి పది" అని పైకి అన్నాకే చక్రం తిప్పాలి. సరిగ్గా విన్నాడని తెలిసేది అలాగే. కెప్టెన్‌గా మామయ్య రిటైరయ్యాడు గానీ, అలవాటు రిటైరవలేదు.

కొత్తకాపురంలో ఓసారి "నువ్వంటే నాకిష్టం" అన్నాట్ట. అత్తయ్య సిగ్గుపడి ఊరుకుంది. తిరిగి చెప్పేదాకా మనిషి భోజనానికి లేస్తే ఒట్టు.

రిటైరయ్యాక ఆ అలవాటు ఇల్లు దాటి వీధిన పడింది. పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే, "నోరు తెరవమన్నారు" అని చెప్పి మరీ తెరిచేవాడు. రేవు పక్క టీ కొట్టులో ఆయన "రెండు టీలు, ఒకటి చక్కెర లేకుండా" అంటే చాలు, బెంచీ మీదున్నవాళ్ళంతా బడిపిల్లల్లా వల్లించేవాళ్ళు. ఆ బెంచీ చివర కూర్చునేవాడు పొడుగోడు.

పొడుగోడు పరాయి దేశంలో పుట్టాడు. అక్కడ పెద్ద పడవలకి చుక్కాని పట్టినవాడు, ఇక్కడ లాంచీలకి తాళ్ళు కట్టేవాడు. బయట పుట్టినవాడు ఎంత చదివొచ్చినా, ఇక్కడ ఓనమాల దగ్గర్నించి మళ్ళీ చదివి రాతపరీక్ష రాయాలని రూలు. ఈలోగా చుక్కాని పట్టేవాళ్ళు లేక సగం లాంచీలు గట్టుకి వేలాడుతున్నాయి, జనం క్యూలో వేలాడుతున్నారు. చివరికి రేవు ఆఫీసు దిగొచ్చింది. సొంత దేశపు సర్టిఫికెట్ ఉంటే చాలు, ఇక్కడ ఒక్కసారి చక్రం పట్టి చూపిస్తే సరేనంది. పాసైతే పొడుగోడి భార్యా, కూతురూ ఇక్కడికి వచ్చెయ్యచ్చు. పోతే మళ్ళీ తాళ్ళే.

పరీక్షకి మామయ్య నన్ను కూడా లాక్కెళ్ళాడు. వెనక నిలబడచ్చు గానీ నోరు మెదపకూడదన్నాడు ఆఫీసరు. "నోరు మెదపకూడదన్నారు" అని మామయ్య నోరు మూసుకున్నాడు.

"కుడికి అయిదు" అన్నాడు ఆఫీసరు. "కుడికి అయిదు" అన్నాడు పొడుగోడు. లాంచీ వెన్నలో కత్తిలా తిరిగింది. అంతా సవ్యంగా సాగుతుండగా ఆఫీసరు ఫోను మోగింది.

"సాయంత్రం టమాటాలు తెస్తాలే" అన్నాడు ఆయన.

"సాయంత్రం టమాటాలు తెస్తాలే" అన్నాడు పొడుగోడు, నీళ్ళమీంచి చూపు తిప్పకుండా.

ఆఫీసరు ఫోను చేత్తో మూసి పొడుగోణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఆ రెండోవాడెవడని అడుగుతోంది మా ఆవిడ" అన్నాడు. తర్వాత ఫోన్లోకి, "కొత్తగా చుక్కాని పట్టినవాడు. నా నోట్లోంచి ఏదొచ్చినా కింద పడనివ్వట్లేదు. పాస్ చేసేశా" అన్నాడు.

పొడుగోడు అదీ తిరిగి చెప్పబోయి, మధ్యలో భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. అతని బదులు మామయ్య చెప్పాడు, గట్టు మీది తాళ్ళవాళ్ళందరికీ వినపడేలా. అవతల్నించి వచ్చిన కేకలకి పక్షులు లేచిపోయాయి.

వీధిలో ఆ వల్లింపులన్నీ ఎవరికోసమో అప్పటికి నాకర్థమైంది. తిరిగొస్తూ అడిగాను, "అతనికి నేర్పాలంటే అతనికొక్కడికే నేర్పచ్చుగా మామయ్యా? పళ్ళ డాక్టరేం పాపం చేశాడు?"

"వాణ్ణొక్కణ్ణే మళ్ళీ చెప్పమంటే, భాష రానివాడని నలుగురూ నవ్వరూ? నలుగురిచేతా చెప్పిస్తే నవ్వేదెవరు? నవ్వితే నన్ను చూసి నవ్వుతారు."

"మరి అత్తయ్యచేత ఎందుకు చెప్పించావు?"

"అదా? వినడానికి బాగుంటుందని."

కట్టేసిన లాంచీల్లో ఒకటి ఆ వారమే నీళ్ళలోకి కదిలింది. కొన్నాళ్ళకి అదే లాంచీలో, పొడుగోడే చుక్కాని పట్టి, భార్యనీ కూతుర్నీ ఈ గట్టుకి తెచ్చాడు. మామయ్య వంగి, "బాగున్నావా తల్లీ?" అనడిగాడు.

ఆ పిల్ల తండ్రి వంక ఓసారి చూసి, నిటారుగా నిలబడి, "బాగున్నావా తల్లీ" అంది మామయ్యతో.

"బాగున్నానమ్మా" అన్నాడు మామయ్య. జీవితంలో మొదటిసారి, మళ్ళీ చెప్పమనకుండా.