చెక్‌పోస్టు బల్ల మీద సీమంతం

తులసమ్మ మా బడిలో ఆయా. భిలాయి సెక్టర్ 7లో బడి, క్యాంప్ 2లో ఆమె ఇల్లు. ఎండైనా వానైనా నడిచే వచ్చేది. గంట కొట్టేది, ఏడ్చే పిల్లల ముక్కులు తుడిచేది. టెక్కలి వైపు పల్లె నుంచి మొగుడి వెంట వచ్చిన మనిషి. ఉక్కు ప్లాంటులో పనిచేసే ఆ మొగుడు పచ్చకామెర్లతో పోయాడు. ఒక్కగానొక్క కూతురు కనకమహాలక్ష్మిని తనే పెంచి పెళ్లి చేసింది. అల్లుడు బలరాం మంచివాడే గాని, ఫిట్టరు పని దొరికిందని సరిహద్దు దాటి నేపాల్లోని బీర్‌గంజ్‌లో కాపురం పెట్టాడు.

ఎనభై రెండు శీతాకాలంలో మా ఆడపిల్లల్ని కాఠ్మండు యాత్రకు బయల్దేరదీశాం. తోడుగా ఒక పెద్దావిడ కావాలనగానే, ఎప్పుడూ ఏదీ అడగని తులసమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నానొస్తాను టీచరమ్మా. మా కనకానికి ఏడో నెల. తొలిచూలప్పుడు అత్తోరు సీమంతం సేశారు గానీ బిడ్డ నిలవలేదు. ఈసారి పరాయి దేశంలో ఒక్కర్తీ బెంగెట్టుకుంది. నాను గాజులెయ్యకూడదు కదా, అక్కడ దానికి మనోలు ఎవులున్నారు? మీరూ పిల్లలూ ఎయ్యండి. నాను దూరంగా నిలబడి సూత్తాను."

మొగుడు పోయిన ఆడది గాజులు వేయకూడదట! కన్నతల్లికి ఈ రాత ఎవరు రాశారో గాని, నా ఒళ్లు మండింది. అయినా సరేనన్నాను. బస్సు బీర్‌గంజ్‌లో గంటసేపు ఆగేలా హెడ్మాస్టరు పార్థసారథి గారిని ఒప్పించాను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సరిహద్దు చెక్‌పోస్టులో బస్సు మీది సామానంతా దింపించారు. ట్రంకు పెట్టెలు, హోల్డాళ్లు వరసగా పెట్టి ఒక్కొక్కటే విప్పమన్నారు. మాకంటే ముందు ఇంకా వేరే బస్సుల సామాను ఉంది. చివరికి తులసమ్మ పెట్టె తెరిస్తే నిండా ఆకుపచ్చ, ఎర్ర గాజులు. మధ్యలో గుడ్డలో చుట్టిన చలిమిడి.

"యే తో బేచ్‌నే కా మాల్ హై," అన్నాడు అక్కడి ఉద్యోగి. అమ్ముకునే సరుకట!

"మా అమ్మాయికి బాబూ," అని తులసమ్మ వచ్చీరాని హిందీలో మొత్తుకుంది. ఒక్క పిల్లకి ఇన్ని గాజులా అని అతను నవ్వి, పెట్టెను పక్కన పెట్టించాడు. పెద్ద ఆఫీసరు భోజనం చేసి వస్తేనే తేలుతుందట.

పార్థసారథి గారు గడియారం చూసుకున్నారు. "ఇక బీర్‌గంజ్‌లో ఆగడం కుదరదమ్మా. ముందంతా కొండదారి," అన్నారు. ఆయన మాటా తప్పు కాదు. తులసమ్మ ఏడవలేదు. పెట్టె పక్కన చతికిలబడి, చలిమిడి మీద దుమ్ము పడకుండా కొంగు కప్పింది.

"కూతురి ఊరి మీంచే పోతాను గానీ, కూతుర్ని సూడనన్నమాట," అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "లే! నువ్వు వెళ్లలేకపోతే అదే వస్తుంది. ఇక్కడికి ఎంత దూరమని!" అని ఒక రిక్షా అతన్ని పట్టుకుని, తులసమ్మను అడిగి ఇంటి గుర్తులు చెప్పి పంపాను.

పెద్ద ఆఫీసరు వచ్చేసరికి కనకం కూడా రిక్షా దిగింది. వెనకే సైకిలు మీద బలరాం. తల్లిని చూడగానే ఆ పిల్ల "అమ్మా" అని అక్కడే నిలబడిపోయింది. పెద్దాయన ఆ నిండు కడుపునీ, గాజుల పెట్టెనీ, మూగిన మా ఆడపిల్లల్నీ చూశాడు. మావైపు సీమంతంలో పేరంటాళ్లందరికీ గాజులు ఇస్తారని నేను దబాయించి మరీ చెప్పాను. తమ ఇళ్లలోనూ ఈ వేడుక ఉందన్నాడాయన. సామాను తనిఖీ చేసే బల్లను తనే ఖాళీ చేయించాడు. మంచివాళ్లు ఎక్కడైనా ఉంటారు.

కనకాన్ని బల్ల మీద కూర్చోబెట్టాం. భిలాయిలో పుట్టిన పిల్లలు కదా, తెలుగు పాట ఒక్కటీ రాక హిందీ పాట అందుకున్నారు. నేను మొదటి గాజు తీశాను. కనకం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మీరు కాదు దీదీ. ముందు అమ్మ ఎయ్యాలి."

తులసమ్మ గోడకు అంటుకుపోయింది. "సీ, అలాగనకే! నా సెయ్యి మంచిది కాదు."

"ఆ సేతుల్తోనే కదేటే నన్ను పెంచావు? పోయినసారి నువ్వు గది బయటే ఉండిపోనావు. ముత్తయిదువులే గాజులేశారు. బిడ్డ నిలిచిందేటి?"

పాట ఆగిపోయింది. కనకం తల్లివైపు చెయ్యి చాచింది. చాచిన చెయ్యి దించలేదు.

తులసమ్మ మెల్లగా వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. ఆకుపచ్చ గాజు తీసి కూతురి చేతికి తొడిగింది. చలిమిడి ఒడిలో పెట్టింది. నేను బోరున ఏడ్చాను, సిగ్గేముంది! తరువాత పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి గాజులు వేశారు, వేసుకున్నారు.

మరుసటేడు సెక్టర్ 7లో మా ఇంట్లో నా సీమంతం. ముత్తయిదువులంతా కూర్చున్నాక, మొదటి గాజుకు తులసమ్మను పిలిచాను. మా అత్తగారు మూతి ముడుచుకున్నారు. తులసమ్మ గుమ్మం దగ్గరే తటపటాయించింది.

"ఏటి సూస్తావు, రా!" అన్నాను, ఆమె యాసలోనే.

పుట్టింటికి వచ్చిన కనకం బిడ్డ అప్పుడు ఆమె చంకలోనే ఉంది. ఆ మనవరాలిని దించకుండానే వచ్చి, నా చేతికి గాజు తొడిగింది.