ఇరవై రెండు మిల్లీమీటర్ల బార్

2022 వేసవి చివర. హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన నా షెడ్డు. కార్ల సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ తప్ప వేరే పని ముట్టుకోను. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా అదే పని. అంతకు ముందు ఏడాది నా భార్య చనిపోయింది. ఇంటికి పోతే మాట్లాడే మనిషి లేదు కాబట్టి ఆదివారాలు కూడా షెడ్డు తెరిచి కూర్చునేవాణ్ణి. పని ఉన్నా లేకపోయినా రేడియో పెట్టుకుని స్పానర్లు తుడుచుకునేవాణ్ణి.

అలాంటి ఒక ఆదివారం ఉదయం పాత తెల్ల సెడాన్ ఒకటి వచ్చి ఆగింది. దిగినామెకు నలభై ఎనిమిదేళ్లుంటాయి. కాటన్ చీర, కాళ్లకు మాత్రం స్పోర్ట్స్ బూట్లు. పేరు విమల. ధర్మవరం రైల్వే స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటర్‌లో ఉద్యోగం.

"అన్నా, కారు తిరగడంల్యా" అంది.

"స్టీరింగ్ గట్టిగా ఉండాదా మేడమ్?"

"స్టీరింగ్ తిరుగుతాది. కారే తిరగదు. నేనొక పక్క తిప్పితే అదొక పక్క పోతాది."

ఎంత వేగంలో అని అడిగాను. ఆమె కాస్త తటపటాయించి, తను ఆటోక్రాస్ నడుపుతానని చెప్పింది. ఆ మాట నేను విన్నదే కానీ, నడిపే మనిషిని చూడటం అదే మొదలు. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి మెలికల దారి చేస్తారు. ఒకసారికి ఒక్క కారే పోతుంది. పక్కన పోటీకి ఇంకో కారు ఉండదు, గడియారమే పోటీ. తక్కువ సెకన్లలో తిరిగి వచ్చినవాళ్లు గెలిచినట్టు. నెలకో రెండు నెలలకో ఒకసారి బెంగళూరు దగ్గర జరుగుతుందట. రెండేళ్లుగా ఒక్కతే పోయి ఒక్కతే వస్తోంది. కౌంటర్లో పక్క సీటు ఆమెకు కూడా తెలియదట.

"ఎందుకు మేడమ్ ఇంత దూరం పోయి?" అన్నాను.

"ఆడ మైకులో పేరు పెట్టి పిలుస్తారన్నా. విమలా, నీ వంతు, అంటారు. ఈడ వారమంతా నా పేరు పలికేవాళ్లు లేరు. అద్దం అవతల నుంచి అందరూ మేడమ్ అనేవాళ్లే."

నేను కూడా అప్పటిదాకా మేడమ్ అనే అంటున్నాను. కారు కిందికి దూరాను.

జబ్బు వెంటనే దొరికింది. ముందు చక్రాల దగ్గర స్వే బార్ మార్చి ఉంది. స్వే బార్ అంటే ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ కారు కింద అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ. మావాళ్లు స్టెబిలైజర్ రాడ్ అంటారు. వంపులో కారు ఒక పక్కకు ఒరగబోతే ఈ కడ్డీ మెలిపడి దాన్ని పట్టి ఉంచుతుంది. కారు తక్కువ ఒరిగితే బాగా తిరుగుతుందని ఎవరో చెప్పగా విని, ముందు లావు బార్ వేయించుకుంది. ఆమె కారులో ముందు చక్రాలే బండిని లాగాలి, అవే తిప్పాలి కూడా. అక్కడ బార్ మరీ బిగువైతే వంపులో బరువంతా బయటి పక్క ముందు టైరు మీద పడి అది జారిపోతుంది. కారు ముక్కు బయటికి పోతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు.

మందు తిరగేసి వేయాలి. ముందు కంపెనీ బార్ పెట్టేసి, వెనక బార్ లావు చేయాలి. అప్పుడు వెనక టైర్లు కొంత పట్టు వదులుతాయి. కారు తోక తిరుగుతుంది, ముక్కు లోపలికి వస్తుంది.

వెనక కంపెనీ బార్ పదహారు మిల్లీమీటర్లు. తెలిసిన స్ప్రింగ్ పనివాడి దగ్గర రెండు కొత్త బార్లు వంచి తెప్పించాను. ఒకటి పంతొమ్మిది, ఇంకొకటి ఇరవై రెండు. చేతిలో పట్టుకుంటే పెద్ద తేడా అనిపించదు. కానీ బార్ బిగువు మందంతో పాటు మెల్లగా పెరగదు, ఎగబాకుతుంది. పదహారు నుంచి పంతొమ్మిదికి పోతే దాదాపు రెట్టింపు. ఇరవై రెండుకు పోతే మూడున్నర రెట్లు. రెండు బార్లకూ చివర్లలో రెండేసి రంధ్రాలు పెట్టించాను. బార్‌ను చక్రం పక్కకు కలిపే చిన్న కడ్డీని లింకు అంటాం. దాన్ని లోపలి రంధ్రానికి బిగిస్తే ఇంకా గట్టి, చివరి దానికి బిగిస్తే మెత్తన.

తర్వాతి ఆదివారం తెల్లవారగానే గోరంట్ల రోడ్డులో, రోడ్లు వేసి ఇళ్లు కట్టని ఒక లేఅవుట్‌కు పోయాం. కోన్ల బదులు ఖాళీ పెయింటు డబ్బాలు పెట్టాను. మొదట పంతొమ్మిది. కారు చక్కగా తిరిగింది. ఆమె దిగి, "బాగుండాదన్నా, ఇది చాలు" అంది.

నేను ఊరుకోలేదు. అక్కడే జాకీ ఎత్తి ఇరవై రెండు వేసి, గట్టి రంధ్రంలో బిగించాను. ఈసారి కారు డబ్బాల చుట్టూ తాడు కట్టి లాగినట్టు తిరిగింది. వంపులో లోపలి వెనక చక్రం నేలమీద నుంచి జానెడు పైకి లేచింది. ఇలాంటి కార్లకు అది మంచి గుర్తే. నా ఫోన్‌లో చూస్తే రెండు సెకన్లు తగ్గాయి. ఆమె నవ్వుతూ దిగింది. నేను చప్పట్లు కొట్టాను. ఈ రంధ్రం ఎందుకు, ఆ లింకు ఎందుకు అంటూ ఏడాదిలో నా పని గురించి నన్ను అన్ని ప్రశ్నలు అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఇరవై రెండే ఉంచేద్దామని నేనే చెప్పాను. తోక ఇంకా సులువుగా తిరగడానికి పందెంలో వెనక టైర్లలో గాలి ముప్పై నుంచి నలభైకి పెంచమని కూడా చెప్పాను. పందెం అయ్యాక మళ్లీ తగ్గించమని చెప్పలేదు.

పందెం రోజు మధ్యాహ్నం నుంచి వాన. నాలుగున్నరకు ఫోన్ మోగింది.

"అన్నా, కారు తిరిగిపోయింది."

ముందు ఆమె పందెం సంగతి చెబుతోందనుకుని సంతోషపడ్డాను. తర్వాత ఆ గొంతు విన్నాను.

"యాడుండావమ్మా?"

"పెనుకొండ దగ్గర. హైవే దిగే వంపులో. చేన్లో ఉండా."

"దెబ్బలు తగిలినాయా?"

"చెయ్యి లేస్తల్యా."

నా వ్యాన్‌లో పెనుకొండకు గంట పట్టింది. కారు రోడ్డు దిగి వేరుశనగ చేన్లో వెనక్కి తిరిగి నిలబడి ఉంది. వెనక డోరు సొట్టపోయింది. విమల గట్టు మీద కూర్చుని ఎడమ మణికట్టును ఒళ్లో పెట్టుకుని ఉంది. చేను గల ఆమె ఎరువుల సంచి చించి విమల తలమీద కప్పి, పక్కనే నిలబడి ఉంది.

"నీ మనిషేనా అప్పా?" అని నన్ను అడిగింది ఆ రైతమ్మ. "ఒక్కతే వచ్చినాది తల్లి. ఎవురికన్నా ఫోన్ చెయ్యి తల్లీ అంటే శానాసేపు ఫోన్ చూస్తా కూచునింది."

జరిగింది విమల చెప్పింది. పందెం ముగించుకుని ఇంటికి వస్తుంటే వంపులో ఎదురుగా గొర్రెలు కనబడ్డాయి. ఆమె చటుక్కున యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసింది. బరువంతా ముందుకు పోయి వెనక తేలికైంది. తడి రోడ్డు, గట్టి బార్, టైర్లలో నలభై గాలి. తోక ఒక్క విసురుతో చుట్టూ తిరిగింది. ఎండలో డబ్బాల మధ్య నేను చప్పట్లు కొట్టింది సరిగ్గా ఆ విసురుకే.

"ఇంట్లోవాళ్లకు చెప్పినావా?" అన్నాను.

"ఎవరుండారన్నా చెప్పేకి? ఫోన్లో నెంబర్లు చూస్తా పోయినా. అందరూ టికెట్ కోసం చేసేవాళ్లే. రమ్మంటే వచ్చేవాళ్లు యాడా కనపల్యా. కడాకు నీకు చేసినా."

పెనుకొండ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మణికట్టు ఎముక సన్నగా చిట్లింది. నర్సు కాగితం నింపుతూ, "తోడు వచ్చింది మీరేనా? ఏమవుతారు?" అంది. నేను మెకానిక్‌నని చెప్పాను. ఆమె కలం ఆపి ఇద్దరినీ చూసింది. ఆ గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలి, కింద నా సంతకం తీసుకుంది.

కట్టు కట్టేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదు. వానదే తప్పనుకుంటుంది. వచ్చాక చెప్పేశాను.

"తప్పు నాదమ్మా. పంతొమ్మిది చాలని నువ్వు అంటివి. నేనే వినల్యా. ఎండలో నడిపించి చూసి వానలోకి పంపించినా. నువ్వు ఆ కారులోనే ఇంటికి పోవాలని ఒక్కసారి కూడా అనుకోల్యా."

ఆమె చేతి కట్టు వైపు చూసుకుంది. నన్ను తిట్టి ఉంటే సులువుగా ఉండేది.

"ఒక్క మాట చెప్పింటే మెల్లగా వచ్చుందును కదన్నా" అంది.

ఆ రోజు ఆమెను ధర్మవరంలో క్వార్టర్స్ దగ్గర దించాను. ఒంటిచేత్తో తాళం తీయలేకపోతే నేనే తీసిచ్చాను. వస్తానని చెప్పి గేటు దాటేసరికి లోపల లైటు వెలిగింది. హిందూపురం దాకా వ్యాన్‌లో రేడియో పెట్టుకోలేదు.

కారును లాగించి తెచ్చి డోరు సరిచేయించాను. వెనక పంతొమ్మిది బార్ వేసి మెత్తని రంధ్రంలో బిగించాను. లింకులు ఎలా మార్చాలో, గాలి ఎంత పెట్టాలో, పందెం ముందు ఏం చేయాలో, బయలుదేరే ముందు ఏం చేయాలో అట్టముక్క మీద రాసి డాష్‌బోర్డులో పెట్టాను. ఆమె వస్తుందనే నమ్మకం లేదు. నెలలు గడిచాయి. కారు షెడ్డు వెనక దుమ్ము పట్టింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక బస్సులో వచ్చింది. కట్టు లేదు. అట్ట తీసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. "లింకులు ఎట్ల మార్చేది, నాకు చూపించన్నా" అంది. చాప వేసి ఇద్దరం కారు కిందికి దూరాం. చీర కొంగు నడుముకు చుట్టుకుని రెండు లింకులూ తనే విప్పి, తనే బిగించింది. మూడోసారికి నేను పక్కకు జరిగాను.

ఇప్పుడు ఎవరు వచ్చి బార్ లావు చేయమన్నా, మందం మాట తర్వాత. ఎంత దూరం నుంచి వస్తారు, ఏ దారిన పోతారు, వాన పడితే ఏం చేస్తారు, తోడు ఎవరు వస్తారు అని ముందు అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. పందెం నిమిషంలో అయిపోతుంది. ఆ తర్వాత మిగిలే దారికి కూడా నేను బిగించిన బోల్టులే ఆధారమని ఇరవై ఆరేళ్లకు గానీ నాకు తెలియలేదు.

విమల ఇప్పటికీ నడుపుతోంది. గెలిచిందేమీ లేదు, కడపటి స్థానం నుంచి మధ్యలోకి వచ్చింది. పందెం ఉన్న ఆదివారాల్లో సాయంత్రం ఆమె దగ్గర నుంచి ఫోన్ వస్తుంది. "చేరినా అన్నా" అంటుంది. "సరేమ్మా" అంటాను. కాసేపు అటు ఆమె ఇంట్లో ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది. తర్వాత పెట్టేస్తుంది. నేను లేచి షెడ్డు షట్టర్ దించుతాను.